వరదకి దించే డిష్

మా ఆవిడ చనిపోయింది. శనివారం ఉదయం ఆరు దాటాక, రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో. కాలేయం జబ్బు. మూడు నెలలు పోరాడిందని రాయమన్నారు కొందరు. ఆమె మంచం మీద పడుకుని ఉండేది, ఇచ్చిన మందులు వేసుకునేది, సోమవారం ఇంటికి పంపిస్తామన్న డాక్టరు మాట నమ్మింది. నేనూ నమ్మాను. ప్రాణం పోయేటప్పటికి నేను కింద క్యాంటీన్లో ఉన్నాను. నర్సు వచ్చి "సార్, ఒకసారి పైకి రండి" అంది. చేతిలో ఉన్న టీ మొత్తం తాగి వెళ్ళాను. ఎందుకు తాగానో ఇప్పటికీ తెలియదు.

ఇది చదివేవాళ్ళలో కొందరికి ఆమె తెలుసు. ధవళేశ్వరంలో ఆమెను నెట్ మేడమ్ అనేవారు. మా మేడ మీద నుంచి గోదావరి మీదుగా తొమ్మిది కిలోమీటర్ల అవతల, ఏటి నడుమ ఉన్న ఒక లంకకి, తీగ లేకుండా, ఇంటర్నెట్ పంపేది. ఆ లంక ఆమె పుట్టిన ఊరు. వాళ్ళమ్మగారు, అంటే మా అత్తగారు, అక్కడే కూరగాయలు పండించుకుంటూ, గేదెల్ని మేపుకుంటూ ఉంటారు.

అత్తగారు ఆసుపత్రిలో కూతురి పక్కనే ఉండేవారు. ఆ వారం బుధవారం నాడు గోదావరి పెరుగుతోందని తెలిసి కూతురే ఆమెను పంపేసింది. "గేదెల్ని గట్టెక్కించి రావే అమ్మా, నాకేం కాదు" అంది. అత్తగారు వెళ్ళి గేదెల్ని గట్టెక్కించారు. గురువారం పడవలు ఆపేశారు. శనివారానికి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు.

కబురు నేనే ఫోనులో చెప్పాను. లంకలో ఫోను సిగ్నలు అంతంత మాత్రం. గట్టు మీద ఒక మూలో, స్కూలు మేడ మీదో నిలబడితే మాట వినపడుతుంది, అదీ తునకలు తునకలుగా. లైను తెగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత అత్తగారు ఒక్కటే అడిగారు.

"దాని మొహం నాకు చూపిస్తారా అల్లుడుగారూ?"

"చూపిస్తానండి" అన్నాను.

అనడమైతే అనేశాను. అక్కడికి బొమ్మ పోవాలంటే ఆమె పెట్టిన లింకు మీదే పోవాలి. ఆ లింకు గురువారం నుంచి పని చెయ్యడం లేదు. ఎందుకు పని చెయ్యడం లేదో నాకు తెలుసు. తప్పు నాదే. ఆ సంగతి చెప్పాలంటే ముందు కొంత వెనక్కి వెళ్ళాలి.

ఆమె పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. మా పెళ్ళయ్యేటప్పటికి రాజమండ్రిలో ఒక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలో ఉద్యోగం చేసేది. అప్పట్లో దాన్ని వైమాక్స్ అనేవారు. ఊళ్ళో ఒక టవరు, ఇంటి మీద పుస్తకమంత డబ్బా, మధ్యలో తీగ ఉండదు. మైళ్ళ కొద్దీ పోతుందని కరపత్రం మీద వేశారు. ఆ కరపత్రం తెచ్చి నాకు చూపించి, "నిజంగానే పోతుందండి, మధ్యలో కొబ్బరిచెట్టు లేకపోతే" అంది.

"ఈ గోదావరి సీమలో కొబ్బరిచెట్టు లేని చోటెక్కడుంది?" అన్నాను.

"ఏటి మీద" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదని తర్వాత తెలిసింది. కొన్నేళ్ళకి ఫోన్లలోనే నెట్ బాగా రావడం మొదలై, కంపెనీ ఆ పని మానేసింది. ఆమె ఉద్యోగం పోయింది. పాత సామాన్ల కింద పోతున్న రెండు ఇనప స్తంభాలు రిక్షాలో వేయించుకుని ఇంటికొచ్చింది. ఎందుకని అడిగితే, "ఫోను కంపెనీలకి మా లంక మ్యాపులో చుక్కండి. టవరు వెయ్యరు. ఏట్లో కేబుల్ వేస్తే మొదటి వరదకే పోద్ది. ఇక మిగిలింది గాలేగా" అంది.

ఇక్కడి కేబుల్ ఆపరేటరు దగ్గర మా ఇంటికి లైను తీసుకుంది. ఒక రేడియో డిష్ మా మేడ మీద, ఒకటి లంకలో స్కూలు మేడ మీద. రెండూ ఒకదానికొకటి సూటిగా ఉండాలి. తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉన్న మేడ మామూలు కంటికి ఆనదు. అందుకని ఆమె లంకకి వెళ్ళి, వాళ్ళమ్మ చేతికి అద్దం ఇచ్చి ఎండలో నిలబెట్టింది. నేను ఇక్కడ మా మేడ మీద, చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉన్నాను. తల్లీకూతుళ్ళ మాటలన్నీ నాకు వినపడుతున్నాయి.

"ఎండ అటు కొట్టేలా తిప్పవే అమ్మా."

"ఎటే? అల్లుడుగారు ఎక్కడున్నారో నాకు కనపడితే కదా."

"నీకు కనపడక్కర్లేదు. ఆయనకి నువ్వు కనపడాలి."

"ఈ వయసులో అల్లుడికి అద్దం మెరిపించమంటావేంటే, ఊరు నవ్విపోద్ది."

నీటి అంచున సూది మొనంత వెలుగు మెరిసింది. కనపడిందని అరిచాను. అప్పట్నుంచి నేను డిష్ తిప్పుతుంటే ఆమె అంకెలు చదివింది. సిగ్నలు అంకెలకి ముందు మైనస్ ఉంటుందట, అంకె తగ్గేకొద్దీ మంచిదట. "మన సంసారం లాగే అనుకోండి, మైనస్‌లోనే నడుస్తుంది" అంది. ఎనభై రెండు. డెబ్భై ఆరు. దాటిపోయారు, వెనక్కి రండి. అరవై ఐదు. "ఇక ముట్టుకోకండి. తుమ్మకండి కూడా."

లంకలో నలభై ఇళ్ళ దాకా ఆ లింకు మీద ఆధారపడ్డాయి. అంతవరకూ అక్కడి అంగన్‌వాడీ టీచరమ్మ పిల్లల హాజరు పంపడానికి రోజూ గట్టెక్కి ఫోను పైకెత్తి నిలబడేది. స్కూలు మేడ తాళం టీచరమ్మ దగ్గరే ఉండేది. మా ఆవిడ పేరు చెబితే చాలు, అక్కడి డిష్‌కి కరెంటిచ్చే సోలార్ పలకలు కూడా తుడిచి పెట్టేది.

మా ఆవిడ మేడ ఎక్కేటప్పుడు చీర మీద నా పాత చొక్కా వేసుకునేది. చేతిసంచిలో నల్లటేపు ఎప్పుడూ ఉండేది. మా ఇంట్లో ఆ టేపు లేని వస్తువు తక్కువ. నా కళ్ళజోడుకి ఉంది, గరిటె పిడికి ఉంది, కీర్తనల పుస్తకం వీపుకి ఉంది. మా లూథరన్ చర్చిలో ఒక ఆదివారం మైకు ఆగిపోయి, పాస్టరుగారు కళ్ళు మూసుకుని నిలబడితే, వెనక వరసలోంచి లేచి, "ముందు వైరు చూడండి పాస్టరుగారూ, తర్వాత ప్రార్థన చేద్దాం" అంది. ఆయన ఇప్పటికీ ఆ మాట చెబుతుంటారు. ఊరి సెంటర్లో ఈ మధ్య ఒక పెద్ద కంపెనీ బోర్డు పెట్టింది, తీగ లేకుండా ఇంటింటికీ నెట్ అని. దాని కింద స్కూటరు ఆపించి మొత్తం చదివింది. "మళ్ళీ మొదటికొచ్చారండి" అని, బండి పోనివ్వమంది.

మొదటి ఏడాది వరద వచ్చింది. లింకు పడిపోయింది. వైరు చూసింది, డబ్బా మార్చింది, ఏటి ఒడ్డు కొబ్బరిచెట్ల వాళ్ళని బతిమాలి మట్టలు కొట్టించింది. డిష్‌ని స్తంభం చివరికంటా ఎత్తింది. ఇంకా పాడైంది. నేను ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాని. బ్యారేజీ దగ్గర నీటిమట్టం రిజిస్టరులో ఎక్కించడం నా పనుల్లో ఒకటి. ఒక సాయంత్రం, "మీ నీటిమట్టం అంకెలు రాసుకు రండి" అంది. రాసుకొచ్చాను. వాటి పక్కన తన సిగ్నలు అంకెలు పెట్టుకుని అన్నం కూడా తినకుండా కూర్చుంది.

ఎండాకాలంలో గోదావరి ఇసక. వరదలో ఒడ్డు నుంచి ఒడ్డుకి ఒకే పలక. సిగ్నలు సూటిగా వెళ్ళేది వెళ్తుంటే, కొంత నీటికి తగిలి పైకి లేచి వెనకాలే వెళ్తోంది. రెండూ కలిసేసరికి ఒకదాన్ని ఒకటి చెడగొట్టుకుంటున్నాయి. "మన క్వయర్ లాగన్నమాట. ఒకే పాట, కానీ మగాళ్ళు అరక్షణం వెనక" అని నాకు అర్థమయ్యేలా చెప్పింది. మర్నాడు డిష్‌ని పిట్టగోడ దగ్గర దాకా దించింది. గోడ అడ్డానికి, నీటికి తగిలి వచ్చేది ఆగిపోయింది. అంకె వెనక్కి వచ్చింది. "ఎత్తులో ఉన్నంత మాత్రాన బాగా వినపడదండి" అంది.

కానీ ఏడాది పొడుగునా దించి ఉంచడం కుదరదు. వరద తీశాక దారిలో ఉన్న లంకల్లో అరటి, రెల్లు ఎదిగి కింది దారికి అడ్డొస్తాయి. అందుకని గోదావరికి ఎర్రనీరు రాగానే డిష్ దించడం, వరదలు అయ్యాక ఎత్తడం. పదేళ్ళు అలా చేసింది. రోజూ ఉదయం నన్ను ఆఫీసుకి పంపుతూ "ఇవాళ ఎంత ఉందో ఫోను చెయ్యండి" అనేది. దించే రోజు నేను స్తంభం పట్టుకునేవాణ్ణి. ఎంత దించుతోందో ఎన్నడూ చూడలేదు. ఆమె ఉంది కదా.

ఈ ఏడు ఎర్రనీరు వచ్చేసరికి ఆమె ఆసుపత్రిలో ఉంది.

"ఏవండీ, డిష్ దించారా?" అని అడిగింది. రేపు దించుతానన్నాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ అడిగింది. మందులు తెచ్చే తొందరలో ఉన్నాను, చూద్దాంలే అన్నాను. మూడోసారి అడిగినప్పుడు ఆమెకి జ్వరం. "దించాను" అన్నాను.

"ఎంతకి?"

"నువ్వు పెట్టినంతకే."

సరేనని కళ్ళు మూసుకుంది. పదహారేళ్ళ కాపురంలో ఆమెకి చెప్పిన అబద్ధాలు ఇంకా ఉండే ఉంటాయి. నాకు గుర్తున్నది ఇది.

శనివారం పది గంటలకి ఆమెను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. మాకు పిల్లలు లేరు. చర్చివాళ్ళే అన్నీ చూశారు. ఫ్రీజర్ పెట్టె తెచ్చారు, కుర్చీలు వేశారు, ఎవరో ఆడవాళ్ళు ఆమెకి స్నానం చేయించి తల దువ్వారు. పాస్టరుగారు నా దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పారు. "బ్రదర్, సమాధుల తోటలో గొయ్యి తవ్వుతుంటే ఊట పైకొస్తోంది. బకెట్లతో తోడుతున్నారు. మూడు గంటలు దాటితే కష్టమండి."

అత్తగారికి మాటిచ్చానని, ముందు డిష్ దించాలని చెప్పాను. ఆయన నా మొహం చూసి, "మరి వెళ్ళండి" అన్నారు.

స్పానర్ తీసుకుని మేడ ఎక్కాను. అప్పటికి పన్నెండున్నర. ఏడవడానికి వెళ్తున్నాననుకుని ఎవరూ వెంట రాలేదు. మేడ మీద నుంచి చూస్తే గోదావరి ఇటు నుంచి అటు ఎర్రగా ఉంది. టీచరమ్మకి ఫోను చేశాను.

"ఆయ్, ఉన్నానండి. స్కూలు మేడ మీదే ఉన్నాను. మీ అత్తగారు కింద గదిలో కూర్చున్నారండి. బ్యాటరీకి పచ్చలైటే వెలుగుతోంది."

"అంకె ఎంత చూపిస్తోంది?"

"తొంభై నాలుగండి. ఉంటోంది, పోతోంది."

బోల్టు తుప్పు పట్టింది. విడిపించేసరికి చాలా సమయం పట్టింది. వదులవగానే డిష్ ఒక్కసారిగా జారి నా చేతి మీద పడింది. నొప్పి తెలియలేదు. జానెడు దించి బిగించాను. తొంభై ఒకటి. ఇంకో జానెడు. తొంభై మూడు. దించానని చెప్పిన పని చేస్తున్నాను, ఎంతకి దించాలో తెలియకుండా. చెయ్యి తుడుచుకుందామని స్తంభం దగ్గర కూలబడితే, కళ్ళకి ఎదురుగా ఒక ఎర్ర గీత కనపడింది. ఆమె గోళ్ళరంగు. సగం తుప్పులో కలిసిపోయింది. పదేళ్ళు ఆ స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఆ గీత చూడడం అదే మొదలు.

గీత దగ్గర బిగించాను. ఎనభై నాలుగు.

"బొమ్మ వస్తుందంటారా?" అని అడిగాను.

"దానికింకా తగ్గాలండి. కొంచెం పక్కకి తిప్పండి."

"ఏ పక్కకి?"

"అది నాకేం తెలుసండి, మేడమ్‌గారైతే అడిగేవారే కాదు, తిప్పుకుంటూ పోయేవారు." అనేసి తనే సర్దుకుంది. "ఏమీ అనుకోకండి. తిప్పండి, నేను చదువుతాను."

కుడికి తిప్పాను.

"పెరిగిందండి. తొంభై. పెరిగితే మంచిదా చెడ్డదా, నాకు ఎప్పుడూ ఇదే గొడవ."

"చెడ్డది."

"అయితే అటు వద్దండి బాబూ."

ఎడమకి తిప్పాను. మాట మధ్యలో తెగుతోంది. ఒకసారి మొత్తం పోయింది, మళ్ళీ చేశాను. ఎనభై. డెబ్భై ఏడు. కింద నుంచి పాస్టరుగారు కేకేశారు. "బ్రదర్, రెండున్నర అయింది. మోకాలి లోతు వచ్చిందంట."

"ఐదు నిమిషాలండి" అన్నాను.

డెబ్భై ఒకటి దగ్గర టీచరమ్మ అరిచింది. "ఆగండి, ఆగండి, గుండ్రం తిరగడం ఆగిపోయింది. నెట్ వచ్చిందండి!" అలా సంతోషంగా అరిచినందుకు వెంటనే నాలిక్కరుచుకున్నట్టు ఊరుకుంది. బోల్టు బిగించి కిందికి దిగాను.

వీడియో కాల్ కలిసింది. ముందు స్కూలు గోడ మీద అక్షరమాల కనపడింది, తర్వాత అత్తగారి మొహం. ఫ్రీజర్ పెట్టె మూత తీయించి, ఫోను మా ఆవిడ ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. అత్తగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. బొమ్మ ఒకసారి బిగుసుకుపోయి మళ్ళీ కదిలింది.

ఆమె ఏడుస్తారనుకున్నాను.

"అల్లుడుగారూ, దాని తల ఎవరు దువ్వారు?"

"మనవాళ్ళేనండి."

"నడిమి పాపిడి తీశారు. దానికి నడిమి పాపిడి నిలవదు. నుదుటి పైన సుడి ఉంది. చిన్నప్పట్నుంచీ పక్క పాపిడే. మీరు తియ్యండి."

"నేనా అండి?"

"మీరే."

ఆమె జుట్టులో సుడి ఉందని నాకు తెలియదు. ఫోను పాస్టరుగారి చేతికిచ్చాను. ఎవరో దువ్వెన అందించారు. నా చేతికి తుప్పు మరకలున్నాయి, చొక్కాకి తుడుచుకున్నాను. ఆమె నుదురు చాలా చల్లగా ఉంది.

"ఇంకొంచెం పక్కకి" అన్నారు అత్తగారు. "అంత కాదు. ఆఁ, అక్కడ. వేలు పెట్టి చూడండి, తగుల్తుంది."

తగిలింది. చిన్న గుండ్రం.

"దాని మీదుగా తియ్యండి. మెల్లిగా. చాలు."

పక్క పాపిడి నిలిచింది. అప్పుడు ఆమె మా ఆవిడలా ఉంది. అత్తగారు ఇంకాసేపు చూశారు.

"చాలండి. ఇక తీసుకెళ్ళండి. ఊట పెరిగిపోద్ది" అన్నారు.

తోటలో జరిగింది నాకు పెద్దగా గుర్తు లేదు. ఇద్దరు మనుషులు ఆఖరి నిమిషం దాకా బకెట్లతో నీళ్ళు తోడారు. వాళ్ళకి ఈ అక్షరాల ద్వారా దణ్ణం పెడుతున్నాను. పాస్టరుగారు కీర్తన ఎత్తుకున్నారు, అందరూ పాడారు. నేను పెదవులు కదిపాను.

ఇంటికొచ్చేసరికి ఐదు దాటింది. కుర్చీలు ఎత్తేశారు. పెట్టె ఉన్నచోట నేల తడిగా ఉంది. ఒక కుర్చీ మాత్రం మిగిలింది, దాని మీద మందుల డబ్బాకి ఆనించి నా ఫోను. ఎవరో ఛార్జరు కూడా పెట్టారు. కాల్ ఇంకా నడుస్తోంది. టీచరమ్మ తన ఫోను అక్కడే వదిలి వెళ్ళినట్టుంది. తెర మీద అత్తగారు అదే చోట కూర్చుని మా ఖాళీ గదిని చూస్తున్నారు.

నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"భోంచేశారా?" అన్నారు.

"లేదండి."

"మీ వెనక బల్ల మీద ఎవరో గిన్నెలు పెట్టి వెళ్ళారు. నాకు కనపడుతున్నాయి. లేచి పెట్టుకోండి."

లేచి పళ్ళెంలో అన్నం పెట్టుకున్నాను. పప్పుచారు ఉంది, పోసుకున్నాను. వచ్చి మళ్ళీ ఫోను ముందు కూర్చున్నాను. నేను తింటున్నంతసేపూ ఆమె చూస్తూ ఉన్నారు. ఆమె వెనక కిటికీలో నీళ్ళు పోతున్నాయి.

"మజ్జిగ కూడా పోసుకోండి" అన్నారు.

పోసుకున్నాను.